వేలికి తెలిసిన నిజం

ఫిల్మ్‌నగర్‌లో ఉంటాం. నిరుడు దసరా వెళ్ళిన నెలకు మా కారులో ఇంజిన్ లైటు వెలిగింది. పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే వాల్వుకు కరెంటు అందడం లేదన్నారు షోరూములో. కారణం మాత్రం దొరకలేదు. డ్రైవరు యాదగిరే వైర్లు కెలికాడనుకుని, రేపటి నుంచి రావద్దన్నాను.

“జర ఆగుండ్రి సార్, పోయేముందు ఒక్కసారి చూస్త,” అంటూ అతడు వైరు వెంట తడుముతూ వెళ్ళి ఒక ప్లగ్గు ఊడదీశాడు. లోపల ఎండిన కుంకుమ, చిలుము! ఆయుధపూజనాడు బానెట్ ఎత్తి పసుపు కుంకుమ నీళ్ళు చల్లింది నేనే.

శుభ్రంచేసి బిగించి, ఇంజిన్ ఆన్ చేసి, నా వేలు వాల్వు మీద పెట్టించాడు. టిక్, టిక్... పసిగుండెలా కొట్టుకుంటోంది. ఒళ్ళు పులకరించింది.

“తప్పు నాదయ్యా,” అన్నాను.

“ఏం ఫికర్ లేదు సార్. ఈసారి టైర్లకే చల్లుండ్రి,” అని నవ్వి తాళాలు చాపాడు. తిరిగి అతని జేబులోనే వేశాను.

ఏళ్ళ తరబడి డైరీ రాస్తున్నాను. చూడకుండా తీర్పు చెప్పిన రోజుగా అందులో ఆనాటి పేజీ మిగిలిపోయింది.