మేడ మీది ఎంపీసీ

మా అబ్బాయి పదో తరగతి పాసైన వేసవిలో మా ఇంట్లో జరిగినంత చర్చ అసెంబ్లీలో కూడా జరిగి ఉండదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మేం బెంగళూరు మడివాళలో పీజీ హాస్టలు నడుపుతున్నాం. కింద మేము, పైన రెండంతస్తుల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, దాదాపు అందరూ తెలుగువాళ్లే. మా ఆయన జిగణిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసేవారు. పీజీ మా ఇద్దరిదీ అని అందరికీ చెప్పేవారు గానీ వంట, నీళ్లు, కుర్రాళ్ల అలకలు అన్నీ నా నెత్తి మీదే ఉండేవి.

మావాడికి మిలిటరీ అకాడమీలో చేరాలని కోరిక. ప్లస్ టూ చదువుతుండగానే రాతపరీక్ష రాయొచ్చు, అందులో నెగ్గితే సెలక్షన్ బోర్డు ముందు ఇంటర్వ్యూలు, ఆ తర్వాత అకాడమీలో శిక్షణ. వాడికి విమానాలు నడపాలని ఉండేది. స్కూల్లో ఎన్‌సీసీ మాస్టారు ముందే చెప్పి పెట్టాడు, ఆర్మీకి ఏ గ్రూపు చదివినా చెల్లుతుంది గానీ విమానాలకూ ఓడలకూ ఫిజిక్సు, లెక్కలు ఉండి తీరాలని. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ లెక్కలు ఎక్కడ చదవాలన్న దగ్గరే వచ్చింది.

బెంగళూరులో స్థిరపడ్డ మా తెలుగువాళ్లకు ఒక అలవాటు ఉంది. పిల్లాడు తెలివైనవాడని తేలగానే వాణ్ణి రాష్ట్రం దాటించి, ఆంధ్రలో ఏదో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌లో వేసేస్తారు. ఇంటర్‌కు సాటి అయిన ఇక్కడి పీయూసీ అంటే చిన్నచూపు. మా ఆయన అప్పటికే అనంతపురం వైపు ఉన్న తమ్ముడితో మాట్లాడి ఒక కాలేజీలో సీటు ఆపించి పెట్టారు.

"అకాడమీది గూడా పరీక్షే కదా. పరీక్ష అన్నంక, లెక్కలు బాగ చెప్పే తావున వెయ్యల్ల పిల్లోన్ని. ఈడ పీయూసీలో ఏముండాది?" అన్నారు.

టిఫిన్ తింటున్న పైగది గుంటూరు అబ్బాయి వంత పాడాడు. "అంకుల్ చెప్పింది కరెక్ట్ ఆంటీ. ఇక్కడ పీయూసీ అంటే టైమ్ వేస్ట్. మేమంతా ఆ కాలేజీల్లోంచి వచ్చినవాళ్లమేగా."

"దానికే గదప్పా నాకు భయం" అన్నాను.

ఊరికే అనలేదు. ఆ కుర్రాళ్లంటే నాకు ప్రేమే. బంగారంలాంటి పిల్లలు, గొంతెత్తి మాట్లాడరు. కానీ వాళ్లలో కళ్లద్దాలు లేనివాణ్ణి వెతకాలంటే నాకే అద్దాలు కావాలి. ఆ ఏడాది మొదట్లో మా నీళ్ల మోటారు కాలిపోయింది. ఇంతమంది ఇంజినీర్లు బకెట్లు పట్టుకుని మెట్ల మీద నిలబడి, ఎవరైనా ఏదైనా చేస్తారేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్క వీధికి పరుగెత్తి ట్యాంకర్‌ను పిలుచుకొచ్చింది, పైపు పైకి లాగింది, ఈ అన్నలందరినీ మెట్లకొకరిగా నిలబెట్టి బకెట్లు అందించమన్నది పదో తరగతి చదివే మావాడు. ఆ చురుకు రెండేళ్ల హాస్టల్లో ఆరిపోతుందేమోనని నా బెంగ.

సరే, ఆ కాలేజీ చూసి వద్దామని ముగ్గురం వెళ్లాం. ఒక మేడ, దాని పక్కన ఇంకో మేడ, మధ్యలో బట్టలారేసిన తీగలు. ఆఫీసులో ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు, ర్యాంకులొచ్చిన పిల్లల ఫోటోలు చూపించాడు.

"పిల్లోల్లు ఆడుకునేది యాడ సార్?" అని అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "రెండేళ్లు ఓర్చుకుంటే జీవితమంతా ఆడుకోవచ్చమ్మా. పొద్దున చీకటితో లేపితే రాత్రి పడుకునే దాకా పిల్లాడికి ఊపిరి తిరగదు."

మావాడిని మిలిటరీకి పంపాలనుకుంటున్నామని మా ఆయన చెప్పారు. ఆఫీసాయన ఫైలు తిరగేశాడు. "దానికి విడిగా బ్యాచ్ లేదండి. ఇంజినీరింగ్ సూపర్ బ్యాచ్‌లో వేద్దాం, అందులో అన్నీ కవరైపోతాయి" అన్నాడు. పరుగు కూడానా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

తిరుగు బస్సులో మొదలైంది మా ఇద్దరికీ. గ్రౌండు గురించి, కళ్ల గురించి, మోటారు గురించి అన్నీ చెప్పాను. చివరికి ఉన్న మాట కూడా చెప్పేశాను. "ఇంగో రెండేండ్లు వాడు నా చేతి అన్నం తింటే నాకు బాగుంటాది."

"సుమ్నే ఊరుకో మే. మిలిటరీకి పోయేటోన్ని ఎన్నాళ్లు కొంగుకు కట్టుకుంటావు?"

"పోయేదాంక."

కిటికీ దగ్గర కూర్చున్న మావాడు ఇటు తిరిగి, "నాయనా, నేను బెంగళూరులోనే చదువుతా. మన పక్క కాలేజీలో ఎన్‌సీసీ ఉండాది, గ్రౌండు ఉండాది" అన్నాడు. ఊరు వచ్చాక వాళ్ల నాయన తమ్ముడికి ఫోను చేసి ఆ సీటు వదిలేయమన్నారు.

పీయూసీలో చేర్చేటప్పుడు ఇంకో మెలిక పడింది. లెక్కలతో పాటు బయాలజీ కూడా తీసుకోమని అక్కడి లెక్చరరు సలహా, డాక్టరుకైనా ఇంజినీరుకైనా దారి ఉంటుందని. మా ఆయనకు ఆ మాట తేనెలా వినిపించింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాడికి విమానం ఎందుకని నేనన్నాను. మావాడు ఎలక్ట్రానిక్స్ రాయించుకుని బయటికొచ్చాడు.

రెండేళ్లూ వాడు గ్రౌండులో పరుగెత్తాడు, ఎన్‌సీసీ క్యాంపులకు వెళ్లాడు, నల్లబడ్డాడు, పొడుగయ్యాడు. నేను మురిసిపోయాను. రెండో పీయూసీలో ఉండగా అకాడమీ రాతపరీక్ష రాశాడు. పోయింది. లెక్కల పేపరు దెబ్బ కొట్టింది.

మా ఆయన కేకలేసి ఉంటే బాగుండేది. "చెప్తే ఇంటివా" అని ఒక్క మాట అని చెప్పులేసుకుని షిఫ్టుకు వెళ్లిపోయారు. మావాడు ప్రశ్నపత్రం వంటింటి గట్టు మీద పెట్టి గ్రౌండుకు పోయాడు. నా మొండితనం వల్లే వాడి ఆశ గంగలో కలిసిందనిపించింది. వయసు మించకముందు ఇంకోసారి రాయొచ్చు గానీ, ఈలోగా లెక్కలు ఎవరు చెప్పాలి? ఆ ఆలోచనలో సాంబారులో ఉప్పు రెండుసార్లు వేశాను.

గుంటూరు అబ్బాయి కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఉప్పు సంగతి చెప్పబోయి, నా మొహం చూసి ఆగాడు. "ఏమైంది ఆంటీ?"

చెప్పాను. గట్టు మీది కాగితం తీసి, నిలబడే, ఎడమచేత్తో తిరగేస్తూ పెదాలు కదిపాడు. "ఆంటీ, ఇది చాలా ఈజీ పేపరు. ఇందులో ఎలా పోయింది?"

నాకు ఒళ్లు మండింది. మరుక్షణం ఇంకేదో తట్టింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఏ కాలేజీకి పంపనని పోట్లాడానో ఆ కాలేజీ నా నెత్తి మీదే కాపురముంది, నా చేతి సాంబారే తింటోంది.

"ఈజీ అయితే నేర్పియ్యప్పా" అన్నాను. "రేపట్నించి."

అలా మేడ మీద మొదలైంది క్లాసు. ఒకడు ట్రిగనామెట్రీ, ఒకడు కాలిక్యులస్, ఆఫీసు నుంచి ఎవరు ముందొస్తే వాళ్లు. ఏ షార్ట్‌కట్ మేలో వాళ్లలో వాళ్లే కొట్టుకునేవాళ్లు. ఆనాడు మెట్ల మీద ఒకరి మొహం ఒకరు చూసుకున్న పిల్లలు ఆ మూడు నాలుగు నెలలూ నోళ్లు తెరిచి అరుచుకున్నారు. ఫీజు కింద మావాడు ఆదివారాలు వాళ్లను గ్రౌండుకు లాక్కుపోయేవాడు. సగం చుట్టు పరుగెత్తి వచ్చి నా ఇడ్లీలన్నీ ఊడ్చేసేవాళ్లు.

రెండోసారి రాతపరీక్ష నెగ్గాడు. సెలక్షన్ బోర్డు మా ఊళ్లోనే. దక్షిణాది పిల్లలంతా రైళ్లెక్కి వస్తుంటే, మావాడు పెట్టె పట్టుకుని సిటీ బస్సెక్కాడు. మొదటి రోజే ఏవో పరీక్షలు పెట్టి చాలామందిని సాయంత్రానికే వెనక్కి పంపేస్తారట. మా ఆయన ఆ రోజు సెలవు పెట్టి వీధి అరుగు మీద కూర్చున్నారు. "వచ్చేస్తాడు, వానికి గూడా ఉడికెయ్యి" అన్నారు. ఉడికేశాను. కుర్రాళ్లు తిని వెళ్లారు. మావాడు రాలేదు. గిన్నెలో వాడి వంతు అన్నం అలాగే మిగిలింది. అన్నం మిగిలితే విసుక్కునేదాన్ని, ఆ పూట మూత తీసి మళ్లీ మళ్లీ చూసుకున్నాను.

అన్ని రోజుల పరీక్షలూ ముగిశాక నవ్వుతూ వచ్చాడు. ఇంటర్వ్యూలో మోటారు కాలిపోయిన కథ చెప్పించుకుని ఆ ఆఫీసరు నవ్వాడట. వైద్యపరీక్షలో కళ్లు, గుండె అన్నీ బాగున్నాయన్నారు. చివరి జాబితాలో పేరు వచ్చింది. పిల్లవాణ్ణి తానే పట్టుబట్టి ఇక్కడే చదివించానని మా ఆయన జిగణిలో అందరికీ చెప్పుకున్నారు.

రైలెక్కించడానికి మేడ మీద వాళ్లంతా వచ్చారు. వారం తర్వాత మొదటి ఫోను. చీకటితో లేపుతారట, పడుకునే దాకా ఊపిరి తిరగదట. గొంతు బొంగురుపోయినా హుషారుగానే ఉంది.

ఫోను పెట్టేసి మా ఆయన నా వైపు చూశారు. "ఆ కాలేజీలో చెప్పింది గూడా ఇదే కదే" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

వంటింట్లోకి పోయి మూత తీశాను. వాడి వంతు తగ్గించి వండడం నా చేతికి ఇంకా అలవాటు కాలేదు. బోర్డుకు వెళ్లిన రోజు మిగిలినంతే మిగిలింది. అప్పుడు దాన్ని చూసి వాడు గెలుస్తున్నాడని సంబరపడ్డాను. ఇప్పుడు వాడు గెలిచాడు, అన్నం రోజూ మిగులుతోంది. పైకి కేకేసి గుంటూరు అబ్బాయిని గిన్నె తెచ్చుకోమన్నాను.