కాటా ఎక్కని బిడ్డ

పుంగనూరులో మా అత్తవారింటి ముందు గదే కిరాణా అంగడి. అక్కడ మిరపకాయలు తూచాలి, బెల్లం తూచాలి, చివరికి కర్పూరం కూడా తూచాలి. పది గ్రాములు తేడా వచ్చినా మా అత్త ఒప్పుకోదు. "మా కాటా అబద్ధం సెప్పదమ్మా" అని ముప్పై ఏళ్లుగా వచ్చిన ప్రతి మనిషికీ చెబుతూనే ఉంది. అంత నమ్మకమైన కాటా ఉన్న ఇంట్లో తూచకూడనిది ఒక్కటే, నా కొడుకు.

వాడికి ఆరో నెల నిండినప్పుడు వీధి చివర అంగన్‌వాడీలో తూచారు. ఏడు కేజీలు. ఇక మెత్తటి తిండి మొదలుపెట్టమని అక్కడామె చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాటంటే మా అత్త నెత్తి కొట్టుకుంది.

"బిడ్డను తూకమేస్తే దిష్టి తగిలి తరిగిపోతాడు. ఇంకోసారి ఆ గడప తొక్కినావంటే సూడు!"

ఇక తిండి సంగతి. అన్నప్రాశన కాకుండా గట్టి పదార్థం నోట్లో పెట్టకూడదు. ఆరో నెలలో మూఢం. ఏడో నెల బేసి, మగబిడ్డకు పనికిరాదు. ఎనిమిదో నెలలో ముహూర్తం కుదిరితే, సరిగ్గా ఆ వారమే దాయాదుల్లో ఒక ముసలాయన పోయాడు. మైల. తొమ్మిది మళ్లీ బేసి. కాబట్టి పదో నెలకు వాయిదా. కడుపుకు మూఢం ఉండదని, ఆకలికి సరి బేసి తెలియదని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

పాపం, దయలేని వాళ్లేమీ కాదు. ఉడికిన పప్పు మీద తేరిన నీళ్లు మాత్రం పట్టవచ్చునని సెలవిచ్చారు. అది తిండి కాదు గనక దోషం లేదట! తిండి కాదని వాళ్ల నోటితో వాళ్లే ఒప్పుకున్నారు. మావారిని అడిగితే ఫోన్లోంచి తల ఎత్తకుండా "అమ్మకు తెలీదా? ముగ్గురిని పెంచింది" అన్నారు. ఆ ముగ్గురిలో ఒకరు ఇలా తయారయ్యాక కూడా అంత ధీమా ఎలా వచ్చిందో నాకర్థం కాలేదు.

నా ఘనత కూడా చెప్పుకోవాలి. నేను మదనపల్లెలో ఒక బడిలో సైన్సు టీచర్ని. పొద్దున్నే బస్సెక్కి వెళ్లి, పోషకాహారం పాఠానికి బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మలేసి మరీ చెప్పాను. సాయంత్రం ఇంటికొచ్చి బిడ్డకు పప్పునీళ్లు పట్టాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నన్ను చూసే అనుంటారు.

కుప్పం నుంచి మా అమ్మ ఫోన్లో రోజూ ఒకటే మాట. "రాగులు మొలక కట్టి, ఎండబెట్టి, పిండి పట్టించి పల్చటి గుడ్డలో జల్లించు. ఆ పిండితో జావ మాదిరి సరి కాచి పెట్టు. నువ్వు దాంతోనే పెరిగినావు. యాల ఇంకా ఆలస్యం చేస్తాండావు?"

రాగుల మూట మా అంగడిలోనే ఉంది. కొనేవాళ్లకు ఎముకలకు బలమని చెప్పి అమ్మే మా అత్త, మనవడి దగ్గరికొచ్చేసరికి "రాగులు పెడితే బిడ్డ నల్లబడతాడు" అంది. వాడు నల్లబడలేదు, పాలిపోయాడు. ఈపాటికి బిగుసుకుపోవాల్సిన వెండి మురుగులు చేతుల్లోంచి జారిపోతున్నాయి. కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేవాడు. నాకు భయమేసింది.

ఎనిమిదిన్నర నెలలప్పుడు ఒక ఆదివారం పొద్దున, అంగడి నిండా జనం ఉండగా, వాణ్ణి ఎత్తుకెళ్లి కాటా పళ్లెంలో కూర్చోబెట్టాను. మా అత్త చేతిలో కందిపప్పు పొట్లం అలాగే ఆగిపోయింది. ఏడు కేజీల నూరు గ్రాములు.

"కాటా ఏదో తప్పు సూపిస్తాంది" అంది.

"మన కాటా అబద్ధం చెప్పదు కదత్తా?"

అంగడిలో ఎవరూ నవ్వలేదు. రెండున్నర నెలలకు నూరు గ్రాములంటే ఏమిటో, తూకం మీద బతికిన మనిషికి నేను విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ పూటే నట్టింట్లో కూర్చుని పప్పన్నం మెత్తగా మెదిపి పెట్టాను. మా అత్త గోడవైపు తిరిగి కూర్చుంది. చూడకపోతే దోషం అంటదు కాబోలు. సాయంత్రం నేను రాగులు నానబోస్తుంటే మాత్రం, "ఆ మూటలోవి పాతవి. లోపల కొత్తవి ఉండాయి, అవి తీసుకో" అంది.

పదో నెలలో అన్నప్రాశన ఘనంగా జరిగింది. వాడు 'మొదటి' ముద్ద గుటుక్కున మింగి రెండోదానికి చెయ్యి చాపాడు. "ఎంత బాగా తింటాండాడో సూడు, ముహూర్తబలం!" అని చుట్టాలంతా మురిసిపోయారు. నెలన్నరగా పూటపూటా తింటున్నవాడు మింగక ఏం చేస్తాడు? మా అత్త కిక్కురుమనలేదు. నాకు ఒళ్లు మండింది.

అప్పుడు బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దామె, చంకలో ఎనిమిది నెలల మనవరాలితో మా అత్త దగ్గరికొచ్చింది. ఆ పాప చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"ఈ ముహూర్తం పెట్టిన అయ్యవారెవరో సెప్పమ్మా. ఆడబిడ్డ కదా, తొమ్మిదో నెలలో మేమూ ఆయనతోనే పెట్టిస్తాము. అంతవరకూ పాలు తప్ప ఏమీ పెట్టేది లేదు."

నేను నోరు తెరిచేలోపే మా అత్త లేచింది. ఆ పాపను పెద్దామె చంకలోంచి అందుకుని, ఎవరి మొహమూ చూడకుండా అంగడిలోకి నడిచింది. వెనకాలే వెళ్లాను. కొంగుతో కాటా పళ్లెం తుడుస్తూ ఉంది.