సల్లగుండు

తూంకుంట దగ్గర మా కొత్త కాలనీలో ఆడవాళ్లం ఆరుగురం నెలకోసారి కలిసి నవ్వుల పద్యాలు చదువుకునేవాళ్లం. అందరం కోస్తా నుంచి ఉద్యోగాల వెంట వచ్చినవాళ్లమే. పోయిన కరెంటు మీద, మొగుడి గురక మీద, మాడిన ఉప్మా మీద రాసేవాళ్లం. ఛందస్సు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆ పొగరు నాకు నిండుగా ఉండేది. బయట తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది, యాస మాటెత్తితే బస్సుల్లో గొంతులు లేచేవి. అదీ నాకు తెలుసు.

మా వీధికి శామీర్‌పేట వైపు నుంచి ఒక అవ్వ మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఆమె నోట అది మజ్జిగ కాదు, సల్ల. గిన్నె నింపి, పైన ఇంకొంచెం కొసరు పోసి, "సల్లగుండు బిడ్డా" అని కదిలేది. చల్లగా ఉండమని దీవెన. పుట్టింటికి దూరంగా ఉన్నదాన్ని, పొద్దున్నే ఆ మాట చెవిన పడితే ప్రాణం కుదుటపడేది.

ఆ వేసవిలో అవ్వ తన కోడలి కాన్పు కష్టమైతే మొక్కుకుని, కీసర గుడికి పోయి గుండు చేయించుకొచ్చింది. "తల్లీపిల్లా మంచిగున్నరు బిడ్డా. ఎంటికలదేముంది, మల్లొస్తయి" అని నాకే చెప్పింది. నేను సంతోషించాను కూడా.

అంతా తెలిసే రాశాను. గుండుతో ఉన్న మనిషి "సల్లగుండు" అంటోందని తట్టగానే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా రాశాను.

కాలనీ హాల్లో సభ పెట్టి అందరినీ పిలిచాం. ఎండలని రెండు కుండల మజ్జిగ కూడా చెప్పాం. అవ్వకు చెప్పింది నేనే. మైకు పట్టుకుని నా ఆటవెలది అందుకున్నాను:

సల్ల సల్ల యనుచు సంతోషముగ వచ్చు
గుండు మీద సల్ల కుండ యుండు
దీవెనిచ్చి పోవు దివ్యవాక్కుల తల్లి
సల్ల గుండు బిడ్డ! సల్ల గుండు!

హాలంతా పగలబడి నవ్వింది. మళ్లీ చదవమన్నారు. నేను అడిగించుకోవడానికే ఆగాను.

మొదటిసారి చదివినప్పుడు అవ్వ బయట రెండో కుండ దింపుతోందట. రెండోసారికి లోపల వెనక గోడ దగ్గర గ్లాసులు నింపుతోంది. తన మాట మైకులో వినబడేసరికి ముఖం విప్పారింది. 'గుండు' అనగానే జనం వెనక్కి తిరిగి ఆమెనే చూశారు. ఆమె చెయ్యి తల మీదికి పోయింది, కొంగు ముందుకు లాక్కుంది. నాకింకా రెండు పాదాలున్నాయి. ఆపొచ్చు. ఆపలేదు. యతి చెడకుండా పూర్తి చేశాను.

తర్వాత గ్లాసు నా చేతికిచ్చింది. "సరదాకి రాశాను అవ్వా" అన్నాను.

"గంతే గద. మస్తు నవ్విండ్రు" అంది. నా ముఖం చూడలేదు.

మర్నాడు వీధి మొదట్లో "మజ్జిగ... మజ్జిగ" అని వినబడితే ఎవరో కొత్తమనిషి అనుకుని తలుపు తీశాను. అవ్వే. కొసరు ఎప్పటిలాగే పోసింది. కుండ ఎత్తుకుని, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ, "చల్లగా ఉండండి, మేడం" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా క్షమించమని అడగలేదు. ఈరోజు కాకపోతే రేపు మళ్లీ బిడ్డా అంటుందిలే అని చూశాను. తలకు జుట్టొచ్చింది, కొంగు వెనక్కి జారింది, ఆ మాట మాత్రం రాలేదు. చివరికి ఒకరోజు ఉండబట్టలేక, "ఇదివరకటిలా అనొచ్చు కదా అవ్వా" అన్నాను.

ఆమె కంగారుపడి కుండ దించింది.

"ఎందుకు మేడం, తప్పు పలికిన్నా?"

లేదు. ఆ 'చల్లగా'లో చకారం కూడా సరిగ్గానే పలికింది.