అర్జీ ఇంగ్లీషు

ఆ రోజుల్లో మదనపల్లె కాలేజీలో మాలో ఎవరికీ ఇంగ్లీషు సొంతం కాదు. ఇంట్లో ఒక భాష, అంగట్లో ఒకటి, స్నేహితులతో ఇంకొకటి. పరీక్ష కాగితం మీద మాత్రం అందరం ఇంగ్లీషువాళ్ళమైపోవాలి. యుద్ధకాలం కావడంతో కిరసనాయిలు దొరికేది కాదు, తిండి అంతంతమాత్రం. అయినా నన్ను కుంగదీసింది మాత్రం ఆ ఇంగ్లీషే.

మాది పుంగనూరు దగ్గర ఒకప్పుడు పేరున్న కుటుంబం. (పేరు ఇప్పటికీ ఉంది, తక్కినదే లేదు.) పోయిన భూముల కోసం మా జేజినాయన, అంటే మా తాత, ఏళ్ళ తరబడి కలెక్టరుకు అర్జీలు పెట్టేవాడు. ఆయన చెబుతుంటే గుమాస్తా ఇంగ్లీషులో రాసేవాడు, శుద్ధప్రతులు నేను రాసేవాణ్ణి. నా ఇంగ్లీషంతా అక్కడ పట్టిందే. నాకు డిగ్రీ వస్తే ఇక గుమాస్తాతో పనిలేదని, నేనే రాసి భూములు తెస్తానని ఆయన నమ్మకం.

ఒకనాడు ఇంగ్లీషు సారు, ఎవరి గురించి వాళ్ళు ఒక పేజీ రాయమన్నాడు. అది బాగుంటేనే పరీక్షకు పంపుతానన్నాడు. రాసిచ్చాను. మర్నాడు ఆయన నా కాగితాన్ని తీసి, అందరికీ అర్థం కావాలని తెలుగు చేసి మరీ చదివాడు. "మహాఘనత వహించిన తమ సముఖమునకు, తమ దయాభిక్షపై బతుకుచున్న ఈ దీనుడు సాష్టాంగపడి మనవి చేసుకొనునది ఏమనగా, నా పేరు ఫలానా." చదివి నావైపు చూశాడు. "ఏమప్పా, పేరు చెప్పుకోడానికి నా కాళ్ళ మీద పడాల్నా?"

క్లాసంతా నవ్వింది. కోటు గుండీలు మెడదాకా బిగించుకొని, ఎవరి ముందూ తల వంచని వంశం మాది అని చెప్పుకు తిరిగేవాణ్ణి నేను. తెలుగులో అంత నిటారుగా నిలబడేవాణ్ణి, ఇంగ్లీషులో నిలబడడమే నేర్చుకోలేదని అప్పుడు తెలిసింది.

"సోమవారం మళ్ళీ రాసుకోని రా. మనవులూ దీనులూ ఉండకూడదు. ఉంటే పరీక్ష మాట మర్చిపో," అన్నాడు సారు.

నా గదిలో ఉండేవాణ్ణి వాళ్ళ ఊరి పేరుతో అందరం 'కుప్పం' అని పిలిచేవాళ్ళం. ఇంట్లో అరవం, సంతలో కన్నడం, మాతో తెలుగు. ఇంగ్లీషులో వరసగా తప్పులు రాసి, ఈల వేసుకుంటూ తిరిగేవాడు.

"ఇంగ్లీషు నాకేమన్నా మేనత్తా, తప్పు రాస్తే అలిగేదానికి? నువ్వు తెలుగులో సెప్పప్పా, నేను రాసిస్తా," అన్నాడు.

"మా వంశం గురించి ఇంకొకరు రాయనక్కరలేదు."

"సరే, నువ్వే ఏడువు. ముందు ఆ కోటన్నా ఇప్పు, ఊపిరాడక సస్తావు."

విప్పలేదు. (లోపలి చొక్కాకు వీపు లేదు.)

దీనుణ్ణీ మనవులనూ కొట్టేశాక నా దగ్గర మిగిలిన ఇంగ్లీషు చాలా కొంచెం, చిన్నపిల్లల వాచకంలో ఉండేపాటిది. దానితోనే రాశాను. మాకొక ఇల్లుంది. పైకప్పు కూలింది. కూలని రెండు గదుల్లో ఉంటున్నాము. మా జేజినాయన రోజూ తలపాగా చుట్టుకొని టపా కోసం వాకిట్లో కూర్చుంటాడు. టపా రాదు. సారు అది చదివి, కాగితం మీంచి తల ఎత్తకుండానే "పరీక్షకు పో" అన్నాడు.

సెలవులకు వెళ్ళగానే ఆ పేజీ జేజినాయనకు గర్వంగా చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకొని చివరిదాకా విన్నాడు.

"'యువర్ ఆనర్' యాడా వినపడలేదే," అన్నాడు. ఇంగ్లీషులో ఆయనకు తెలిసిన మాట అదొక్కటే.

"ఇప్పుడిట్లే రాయాలంట జేజినాయనా."

"అర్థం చెప్పు."

చెప్పాను. ఆయన ఇంటి కూలిన వైపు చూశాడు.

"ఈ సంగతి సారుకు తెలియాల్నా నాయనా?" అన్నాడు.

మర్నాడు పాత ఇంగ్లీషులోనే ఇంకొక అర్జీ రాసి చదివితే, "ఇదీ ఇంగ్లీషంటే" అని సంతోషపడ్డాడు. ఆ అర్జీకీ జవాబు రాలేదు. ఇప్పుడు ఆయన వయసు నాకు వచ్చింది. ఆనాటి కుర్రవాడు ఆ పేజీ పట్టుకొని నా ముందు నిలబడితే, నేనూ 'ఈ సంగతి సారుకు తెలియాల్నా' అనే అడుగుతానేమోనని తలచుకొని నవ్వుకుంటాను.