అత్తారింటి గడ్డం

ఇప్పటి కుర్రాళ్ళని చూస్తే నాకు కాస్త అసూయగా ఉంటుంది. వాళ్ళ చదువులు చూసో, జీతాలు చూసో కాదు, గడ్డాలు చూసి. హాయిగా పెంచుకుని, నూనె రాసి, దువ్వుకుని మరీ ఆఫీసులకి వెళ్తున్నారు. పైగా అదే అందమంటున్నారు. మేం ఉద్యోగాల్లో చేరిన కొత్తల్లో గడ్డం పెరిగినవాణ్ణి చూస్తే తిరుపతి మొక్కయినా ఉండాలి, ప్రేమలో దెబ్బయినా తినుండాలి అనుకునేవారు. కాకినాడలో నేను పనిచేసిన ఎరువుల కంపెనీ ఆఫీసులో మా మేనేజరుగారు పొద్దున్నే ముందు మా చెంపలు చూసి, ఆ తర్వాతే మొహాలు చూసేవారు. "ఏంటయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని ఆయన ఆప్యాయంగా అడిగారంటే రేపు గడ్డం గీసుకు రమ్మని అర్థం.

నాకేమో బ్లేడు పడదు. గీసుకున్న గంటకి మంట, సాయంత్రానికి దద్దుర్లు, మర్నాటికి ఎర్రటి పొక్కులు. సుఖంగా, చవగ్గా గడ్డం గీసుకునే మార్గం కోసం నేను చేయని ప్రయోగం లేదు. పటిక రుద్దాను. గేదె పెరుగు పట్టించాను (మా రూములో చీమలు పట్టాయి, అంతే లాభం). నురగ వచ్చే డబ్బా కొన్నాను. రెండు బ్లేడ్ల రేజరు నుంచి మూడు బ్లేడ్ల రేజరుకి మారాను. ఒక బ్లేడు పెట్టే మంటని మూడూ పంచుకుంటాయనుకుంటే, అవి నా మొహం మీద పోటీ పడ్డాయి. చివరికి నాకు నేనే ఒక పద్ధతి ఏర్పాటు చేసుకున్నాను. శనివారం సాయంత్రం గీసుకోవడం, ఆదివారమంతా కొబ్బరినూనె రాసుకుని తలుపేసుకుని పడుకోవడం, సోమవారానికి మళ్ళీ మనిషినవడం, గురువారం నుంచి మేనేజరుగారి కళ్ళపడకుండా ఫైళ్ళ చాటున తిరగడం. పెళ్ళిచూపులు ఆదివారం పెడతామంటే కుదరదు, సోమవారమే కావాలని పట్టుబట్టాను. ఆఫీసుకి సెలవు పెట్టుకుని మరీ పెళ్ళిచూపులకి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. పెళ్ళి ఫొటోల్లో కూడా నాకు సన్నగా గడ్డం ఉంటుంది. నలుగు పసుపులో ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకింత జాగ్రత్తంటే, ఆ ఏడే మా చుట్టాల్లో ఒకాయనకి చర్మవ్యాధి దాచిపెట్టి పెళ్ళి చేశారని గొడవై, పెద్దమనుషుల దాకా వెళ్ళింది. నా పొక్కులు అత్తవారి కంటపడితే నా గతీ అంతేనని నాకు లోపల్లోపల బెరుకు.

మా అత్తవారిది నరసాపురం దగ్గర ఒక పల్లెటూరు. మా మామగారు వాళ్ళు ముగ్గురన్నదమ్ములు. వ్యవసాయం మీద బతికే కుటుంబాలు, ఒకే వీధిలో వరసగా మూడిళ్ళు. పెద్దాయన్ని పెదమామగారనీ, చిన్నాయన్ని చినమామగారనీ పిలవమన్నారు. పెళ్ళయ్యాక మనుగుడుపులకి నేనూ మా ఆవిడా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదారి దాటాం. అప్పటికి మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణంతా కలిపితే "మంచినీళ్ళు కావాలా?" "వద్దు" అన్నంతే. మా ఇంట్లో చుట్టాలు, ఇక్కడ వీళ్ళ చుట్టాలు. ఇద్దరం ఒక్కచోట కూర్చుందామంటే మధ్యలో ఎవరో ఒకరు అరిసెల పళ్ళెం పట్టుకుని తయారు. గుమ్మంలో దిగీదిగగానే మామగారు నా చెంపల వంక జాలిగా చూశారు. "పెళ్ళి హడావుడిలో అల్లుడుగారికి గెడ్డం చేయించుకోవడానిక్కూడా తీరలేదే, పాపం!" అన్నారు.

మర్నాడు తెల్లారేసరికి వసారాలో కుర్చీ, దాని మీద తుండు, పక్కనే పెట్టె తెరుచుకుని సెలూనాయన. మామగారు చేతులు నులుముకుంటూ, "రండల్లుడుగారూ. కొత్తల్లుడికి గెడ్డం చేయించి, తలంటు పోసి, బట్టలు పెట్టడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ అండి" అన్నారు.

"ఇప్పుడెందుకండీ మామగారూ, ఇలా బానే ఉందండి."

"భలేవారండీ! ఊళ్ళో వాళ్ళేవనుకుంటారు?"

సెలూనాయన కత్తి తుడుచుకుంటూ, "ఆయ్, నా చెయ్యి తేలికండి. పెట్టినట్టే తెలీదండి" అన్నాడు. నిజమే. పెట్టినప్పుడు తెలియలేదు, తీశాక తెలిసింది. ఆ పూటంతా తుండుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటిస్తూ నెట్టుకొచ్చాను. సాయంత్రం పెదమామగారు వచ్చారు. రేపు వాళ్ళింట్లో గడ్డం, తలంటు, భోజనం అట. "ఇవాళే చేయించుకున్నానండి, రేపటికి మొలవదండి" అని చెప్పి చూశాను. "మొలిచిన మేరకే చేస్తాడు లెండి. తమ్ముడింట్లో చేయించుకుని నా ఇంట్లో చేయించుకోకపోతే నేను తలెత్తుకు తిరగాలాండీ?" అన్నారాయన. గోదావరి జిల్లాల మర్యాద గురించి అందరూ భోజనాల వరకే చెబుతారు. గడ్డాల దాకా వస్తుందని నాకెవరూ చెప్పలేదు.

రెండో రోజు మొలిచీ మొలవని గడ్డాన్ని సెలూనాయన ఎదురు కత్తి పెట్టి మరీ వెతికాడు. ఆ మీదట సున్నిపిండి రుద్ది, పొగలు కక్కే నీళ్ళతో తలంటు పోశారు. ఆ మీదట నాటుకోడి వేపుడు. వేపుడులో మిరియాల ఘాటుకి పట్టిన చెమట చెంపల మీదుగా జారుతుంటే నేను అనుభవించిన బాధ చెప్పనలవి కాదు. చెయ్యి కడుక్కుని వచ్చి మామగారి అరుగు మీద కూలబడ్డాను. ఇంతలో చినమామగారు తన అరుగు మీంచి కేకేశారు. "అల్లుడుగారూ, రేపు మా ఇంట్లోనండోయ్! పొద్దున్నే గెడ్డం, మధ్యాహ్నం పండుగప్ప పులుసు!" నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సంతోషమనుకున్నారాయన.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ నాయనమ్మగారు చేతికర్ర తాటించుకుంటూ నా ముందుకొచ్చి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను పరకాయించి చూశారు. నుదురు ముట్టుకున్నారు. వేణ్ణీళ్ళూ వేపుడూ పుణ్యమా అని అది కాలిపోతోంది. ఆవిడ రెండు చేతులూ జోడించి నా గడ్డానికి దణ్ణం పెట్టారు. "తల్లీ, చల్లగా చూడమ్మా! ఒరే అబ్బాయ్, అల్లుడికి అమ్మవారు పోసిందిరోయ్!"

అమ్మవారంటే ఆటలమ్మ. ఇల్లంతా ఒక్కసారి గుప్పుమంది. ఆర్‌ఎంపీ డాక్టరుగారిని పిలిపిస్తే, ఆయనకి చిన్నప్పుడు పోయలేదట, వీధి గుమ్మంలోంచే మెడ సాచి చూసి, "ఇంక చూసేదేముందండీ, అమ్మవారేనండి" అని తేల్చేశారు. నిజం చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. కానీ ఏమని చెప్పను? మీ మర్యాదే నా మొహాన ఇలా పేలిందని పెదమామగారి ముందు అనగలనా? అదీగాక, అమ్మవారంటే వచ్చి పోయేది. చర్మం తీరే అంతంటే మళ్ళీ పెద్దమనుషుల్ని పిలిపించేది. కిక్కురుమనకుండా వాళ్ళు చూపించిన మేడమీది గదిలోకి వెళ్ళి, వేపమండలు పరిచిన మంచం మీద పడుకున్నాను.

ఇక కింద జరిగినదంతా నా ప్రాణానికి వచ్చింది. అమ్మవారు ఉన్న ఇంట్లో తాలింపు వేయకూడదు. నీసు వండకూడదు. మగవాళ్ళు గడ్డాలు గీసుకోకూడదు. మూడిళ్ళూ ఒకే రక్తం కాబట్టి మూడిళ్ళకీ అదే కట్టడి. పండుగప్ప చేప పక్కింటి వాళ్ళ పాలయింది. సెలూనాయన పెట్టె చంకన పెట్టుకుని వీధిలో దిగాలుగా తిరిగాడు. ఇంగువ తాలింపు లేనిదే ముద్ద దిగని మా మామగారు చప్పిడి పప్పు తింటున్నారని తెలిసి, మంచం మీద నాకు ముళ్ళు గుచ్చుకున్నట్టయింది.

నా దగ్గరికి ఎవరు రావాలన్న ప్రశ్న వచ్చింది. నాయనమ్మగారు మేడ ఎక్కలేరు. అత్తగారు ముట్టుకుంటే వంటకి పనికిరారు. మా ఆవిడకి ఆరో క్లాసులోనే పోసి పోయింది కాబట్టి ఇంక రాదని ఆమెను పంపించారు. పెరుగన్నం గిన్నే, నూరిన వేపాకూ పసుపూ ముద్ద తెచ్చి, ఎదురుగా స్టూలు మీద కూర్చుని, నా మొహం వంక తీరిగ్గా చూసింది. అంత తీరిగ్గా చూడటం అదే మొదలు. కుడి చెంప చూసింది, ఎడమ చెంప చూసింది, చేతులు తిప్పి చూసింది, చొక్కా మెడ కొంచెం పక్కకి లాగి చూసింది.

"ఏవండీ," అంది, "అమ్మవారు గెడ్డం ఉన్నంత మేరకే పోస్తుందాండీ?"

ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం లేక, గిన్నెలోకి చూస్తూ ఉన్నదంతా చెప్పేశాను. పటిక, పెరుగు, మూడు బ్లేడ్లు, సోమవారం పెళ్ళిచూపులు, అన్నీ. చెబుతుంటే అటునుంచి చప్పుడు లేదు. అయిపోయింది, సంబంధం చెడిపోయింది అనుకుంటూ తలెత్తితే, పమిట నోట్లో కుక్కుకుని, కిందకి వినపడకుండా, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక నాకు ఆమె మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఆ మాట అప్పుడు చెప్పడం చేతకాక, "మీ వాళ్ళకి చెబుతావా?" అని మాత్రం అడిగాను.

"చెబితే రేపు చిన్నాన్నావాళ్ళింట్లో గెడ్డం చేయించుకోవాలి" అంది. వేపాకు ముద్ద నా చెంపకి మెల్లిగా రాస్తూ, "కిందకెళ్తే మనిద్దర్నీ ఒక్క నిమిషం కూర్చోనిస్తారేంటండీ?" అంది.

అలా నేను రోగిగా స్థిరపడ్డాను. రోజూ పెరుగన్నం, అరటిపండు, వేపగాలి. మా ఆవిడ లేసు అల్లుకుంటూ పక్కన కూర్చునేది. మా అత్తవారి వైపు ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు, దారమూ సూదీ ఆడుతూనే ఉంటాయి. చిన్నప్పుడు చెరుకు బండి మీద నుంచి పడ్డ కథ, లెక్కల మాస్టారంటే ఉన్న భయం, కాకినాడలో ఇల్లు ఎలా ఉంటుందోనన్న బెంగ, అన్నీ అక్కడే చెప్పుకుంది. కింద మెట్ల దగ్గర ఎవరి అడుగులు వినపడ్డా నేను దుప్పటి లాక్కుని మూలిగేవాణ్ణి. "అంత గట్టిగా వద్దు, డాక్టర్ని పిలుస్తారు" అని నెమ్మదిగా కసిరేది. చెంపలు చల్లబడ్డాయి. గడ్డం మాత్రం మాసిపోయింది. ఇలాగే వెళ్తే మేనేజరుగారు ఊరుకోరని నేను దిగులుపడుతుంటే, ఒకరోజు లేసు దారాలు తుంచే బుల్లి కత్తెర తీసి, దువ్వెన నా దవడకి ఆనించి, దాని పైనుంచి కచకచా కత్తిరించడం మొదలుపెట్టింది. చర్మానికి ఇనుము తగల్లేదు. మంట లేదు, దద్దురు లేదు. అద్దంలో చూసుకుంటే నున్నగా కాకపోయినా, ఒంట్లో బాగున్నవాడిలాగే ఉన్నాను. ఇన్నేళ్ళూ నేను కాకినాడ బజారంతా వెతికిన సుఖం దారాల డబ్బాలో ఉందన్నమాట.

వేపాకు నీళ్ళు పోసి, అమ్మవారికి చలివిడి నైవేద్యం పెట్టి, ఇంట్లో మళ్ళీ తాలింపు చిటపటలు వినిపించిన మర్నాడు మా ప్రయాణం. నరసాపురం రేవు దాకా మామగారే దిగబెట్టడానికి వచ్చారు. ఆయన గడ్డం ఇంకా తీయలేదు, తెల్లగా మెరుస్తోంది. పంటు ఒడ్డుకి ఆనుతుంటే నన్ను పక్కకి పిలిచి, గోదారి వంక చూస్తూ అన్నారు.

"అల్లుడుగారూ, మా అత్తారింట్లోనూ నాకిలాగే ఇంటింటా గెడ్డాలు చేయించారండి. మీకొచ్చినట్టే మొహమంతా పేలిపోయింది. మీకు వద్దందామంటే మా అన్నయ్య ఊరుకోడు."

ఆయన కండువా సర్దుకుని, కొంచెం దగ్గరికి వంగారు.

"ఎన్ని చేయించుకున్నా, పాపం నాకు అమ్మవారన్న ఆలోచన తట్టలేదండి."

తెలిసి తెలిసి ఆ మనిషి అన్ని రోజులు చప్పిడి పప్పు తిన్నారు. మేడ మెట్ల వైపు ఒక్కసారి కూడా రాలేదు, ఎవర్నీ రానివ్వలేదు. కాళ్ళకి దణ్ణం పెడదామని వంగేలోపు పంటు హారన్ మోగించింది. ఆయన నన్ను భుజం పట్టి లోపలికి తోశారు.

ఇప్పుడు నా గడ్డం కూడా తెల్లబడింది. బజార్లో చర్మానికి తగలకుండా కత్తిరించే ట్రిమ్మర్లు చవగ్గా దొరుకుతున్నాయి. మా అబ్బాయి ఒకటి కొనిచ్చాడు కూడా, బాగానే పనిచేస్తుంది. మా ఆవిడకి దగ్గర చూపు తగ్గి, కళ్ళజోడు పెట్టుకుని మరీ కత్తెర పట్టుకుంటోంది. మొన్న చెవి కింద చిన్న గాటు కూడా పెట్టింది. "ఆ మిషను వాడుకోవచ్చు కదండీ" అని విసుక్కుంటే, "అది నాకు పడదు, మంట పుడుతుంది" అంటాను. ఆవిడ నమ్మదు. నమ్మకపోయినా కుర్చీ వెలుతురులోకి జరిపి, నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తుతుంది.