తల మీదా, కొప్పు మీదా?

పోయిన వేసవిలో మా సంఘంలో చిన్న జీవుల మీద ప్రసంగాలు నడిచాయి. చీమ, కుందేలు, మిడత, బల్లి చిన్నవే అయినా మహా జ్ఞానం గలవని బైబిల్లో సామెతల గ్రంథంలో ఉంది కదా, మా పాస్టరయ్య వారానికొకదాన్ని పట్టుకున్నాడు. చీమను చూసి నేర్చుకోండని గంటన్నర చెప్పిన ఆదివారం, పంచడానికి పెట్టిన కేసరికి నిజంగానే చీమలు పట్టాయి. అంతసేపూ తలలూపిన పెద్దమ్మలు చీపుర్లు పట్టుకుని లేచారు. మిడతల వారమైతే ఇంకా బాగుంది. రాజు లేకపోయినా మిడతలు బారులు తీరి పోతాయని ఆయన చెబుతుండగానే, తర్వాతి పాటకు మైకు ఎవరు పట్టుకోవాలని ఇద్దరు సంఘపెద్దలు తగవులాడుకున్నారు. నేను పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

పక్కనున్న మా అమ్మ మోచేత్తో పొడిచింది. ఆమెకు నవ్వు వచ్చే రోజులు కావవి. గుండెకు ఆపరేషన్ చేయాలని వేలూరులో డాక్టర్లు తేదీ ఇచ్చి ఉన్నారు. అప్పటినుంచి చిత్తూరులో ఉన్న విశ్వాసులందరికీ మా ఇంటి దారి తెలిసిపోయింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు మంచం పక్కన కుర్చీ లాక్కుని, "భయపడొద్దు సిస్టర్, భయపడితే విశ్వాసం లేనట్టే" అని చెప్పి, కాఫీ తాగి పోయేవాళ్లు. ఇంట్లో మేమూ ఆ పాటకు తాళం వేసేవాళ్లమే. అమ్మ అందరికీ "అట్లే అట్లే" అనేది.

ఆపరేషన్‌కు ముందు ఆదివారం బల్లి వంతు వచ్చింది. చేత్తో పట్టుకోదగిన బల్లి రాజుల ఇళ్లలో ఉంటుందన్న మాట చెప్పి, పాస్టరయ్య మా పాత ఆచారాల మీద పడ్డాడు.

"బల్లి పలికితే సత్యమని నేల తట్టేవాళ్లు ఈ సంఘంలో ఉండారా?"

"లేరయ్యా!" అన్నాం అందరం.

"నేను చిన్నప్పుడు మా అవ్వతో కంచికి పోయి, ఆడ బంగారు బల్లిని ఈ కుడిచేత్తోనే తాకినాను. ఏమొచ్చినాది? చెయ్యి నొప్పొచ్చినాది!"

జనం పడీ పడీ నవ్వారు. సరిగ్గా అప్పుడు రేకుల కింది ట్యూబులైటు మీదనుంచి ఒక బల్లి జారి మా అమ్మ నెత్తిన పడి, చీర మీదుగా దిగి, చాప కిందికి పోయింది.

ప్రసంగం ఆగిపోయింది. మా పక్కావిడ, మూఢనమ్మకాలు విడిచిపెట్టానని నెలకొకసారి సాక్ష్యం చెప్పే మనిషి, అందరికంటే ముందు నోరు తెరిచింది.

"తల మీద పడినాదా, కొప్పు మీద పడినాదా?"

"దానికేముంది?" అన్నాను.

"అట్లంటావేమ్మా! తల మీదైతే మరణం, కొప్పు మీదైతే వట్టి రోగమే."

"కొప్పు మీదే, నేను సూసినా" అంది వెనకావిడ. "కాదు, పాపిట మీద" అంది ఇంకొకావిడ. పంచాంగం ఇంట్లో ఉంచుకోవడమే పాపమని చెప్పే ఈ తల్లులకు, దాని చివరి పేజీల్లోని బల్లిపాటు పట్టిక మొత్తం కంఠతా వచ్చు. వాక్యాలు అప్పజెప్పమంటే మాత్రం కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వస్తారు.

అమ్మ ముఖం పాలిపోయింది. "నేను వేలూరికి పోను" అంది.

పాస్టరయ్య వేదిక దిగి వచ్చాడు. మైకు కుడిచేతిలో పట్టుకుని, ఎడమచేయి తల మీద పెట్టి ప్రార్థించడం ఆయనకు అలవాటు. అమ్మ ఆ చేతిని పక్కకు తోసింది.

"ఈ చెయ్యి గాదయ్యా. ఆ చెయ్యి పెట్టండి."

కంచి బల్లిని తాకినవాళ్లకు బల్లిపాటు దోషం అంటదని, అలాంటివాళ్లను తాకినా చాలునని మా వైపు అందరికీ తెలుసు. పాస్టరయ్యకూ తెలుసు. ఆయన ముఖం చూడాలి! పెడితే ఇప్పటిదాకా చెప్పిన ప్రసంగం నీళ్లపాలు, పెట్టకపోతే ఈమె ఆపరేషన్‌కు పోదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చివరికి మైకు ఎడమచేతికి మార్చుకున్నాడు. ఆ రోజు పలికినంత గట్టిగా మా సంఘం ఆమెన్ ఎప్పుడూ పలకలేదు. తర్వాత చిన్న ప్రార్థన కావాలంటూ చాలామంది వరస కట్టారు. అందరూ ఆయన కుడివైపే నిలబడ్డారు. మిడతలు కూడా అంత బారుగా పోవు.

ఆపరేషన్ రోజు పొద్దున అమ్మ కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. నవ్విద్దామని, "కంచి చెయ్యి తగిలింది కదమ్మా, ఇంకేం భయం?" అన్నాను.

"బల్లికెవరే భయపడినారు? పల్లెలో పుట్టినదాన్ని, నా మీద ఎన్ని పడిండాయో. గుండెను కోస్తారంటే భయం. ఆ మాటంటే విశ్వాసం లేదంటిరి. బల్లి పడినాక గదా, పోనని నోరు తెరిచి ఒక్క మాట అనగలిగినాను. బల్లి పేరు చెప్పినాక ఆ చెయ్యి అడగక తప్పలా."

ఇన్నాళ్లూ ఆమె మంచం చుట్టూ కాఫీలు అందిస్తూ తిరిగిన దాన్ని, ఒక్కసారీ అడగలేదు. అప్పుడు అడిగాను.

"ఇప్పుడు భయంగా ఉందా అమ్మా?"

"ఉండాది" అంది. స్ట్రెచర్ లోపలికి పోయేదాకా నా చెయ్యి విడవలేదు.

అమ్మ బాగుపడి తిరిగొచ్చింది. నడవగలిగిన మొదటి ఆదివారం పాస్టరయ్య ఆమెను సాక్ష్యం చెప్పమని పిలిచి మైకు ఇచ్చాడు. విశ్వాసంతో ధైర్యంగా పోయానని చెబుతుందని అందరూ ఎదురుచూశారు.

"నాకు శానా భయమేసినాది" అంది అమ్మ. "దేవుడు కాపాడినాడు. అయినా భయమేసినాది."

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. పాస్టరయ్య గొంతు సవరించుకున్నాడు. అంతలో ట్యూబులైటు వెనకనుంచి బల్లి కిచకిచమని పలికింది.

ముందు వరసలో పెద్దమ్మలంతా వేళ్లు మడిచి నేల తట్టారు.