కారు వెనక చిన్న సైకిలు

కట్టిన తాడును వేలితో మీటి బిగువు చూసుకోనిదే ఆ ల్యాబ్ టెక్నీషియన్ కారు కదిలించడు. సెలవులకు బయలుదేరిన ఉదయం పిల్లల సైకిళ్లు రెండింటినీ కారు వెనక స్టాండుకు కట్టి, ఒకదానికొకటి గీసుకోకుండా పెడళ్లకు పాత మేజోళ్లు తొడిగాడు. లోపలికి వెళ్లి నీళ్లసీసాలు తెచ్చేలోగా కూతురి సైకిలు గోడకు చేరింది; దాని స్థానంలో బావమరిది సూట్‌కేసు కూర్చుంది. పక్కచక్రాలు లేకుండా తొక్కడం నిన్ననే నేర్చిన ఆ పిల్ల పెదవి బిగించి నిలబడింది.

"అక్కడ సైకిళ్లు అద్దెకి దొరుకుతాయిలే బావా!"

అడగకుండా తాడు విప్పడం ఒక ఎత్తు, పిల్ల ముఖం చిన్నబోవడం ఒక ఎత్తు. అతనికి ఒళ్లు మండింది. సూట్‌కేసు ఊడదీసి నేల మీద పెట్టాడు. సైకిలు తిరిగి కట్టి, తాడు మీటి చూశాడు.

"బట్టలు కూడా అద్దెకి దొరుకుతాయేమో, కనుక్కోరా."

దారంతా సూట్‌కేసు బావమరిది ఒళ్లోనే ప్రయాణించింది.